రోడ్డు రెన్యువల్‌కు డబ్బు చాలకపోతే: ఏది తగ్గించాలి, ఏది తగ్గించకూడదు

మున్సిపల్ వార్డులో కిలోమీటరు తారురోడ్డు మీద కొత్త పొర వేయడానికి, అంటే రెన్యువల్‌కు, అనుమతి వచ్చింది. టెండరు ముగిసింది, పని మొదలైంది. మంజూరైన మొత్తం ఏడెనిమిది వందల మీటర్లకే సరిపోతుందని ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) చెబుతారు. అప్పుడు కౌన్సిలరు ముందు, కమిషనరు ముందు, కొన్నిసార్లు కాలనీ సంఘం ముందు అయిదు దారులు ఉంటాయి. పొర పలచన చేసి కిలోమీటరంతా పూర్తి చేయడం ఒకటి. వేసినంతవరకు సరిగ్గా వేసి మిగిలింది ఆపడం రెండోది. సవరించిన అంచనా పంపి అదనపు నిధుల కోసం ఆగడం మూడోది. ఒప్పందం అక్కడికి ముగించి మిగతా పనికి మళ్లీ టెండరు పిలవడం నాలుగోది. మిగిలిన ముక్కకు చౌక రకం పొరతో సరిపెట్టడం అయిదోది.

ఎక్కువ చోట్ల మొదటి దారినే పోతారు. అందులో ఎవరూ ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు, శిలాఫలకం మీద రాసిన కిలోమీటరు కిలోమీటరుగానే ఉంటుంది. కానీ అయిదింటిలోనూ ప్రజల డబ్బు ఎక్కువగా పోయేది ఆ దారిలోనే. డబ్బు చాలకపోతే పొడవు తగ్గించండి, మందం మాత్రం ముట్టుకోవద్దు. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే. ఎందుకో, ఏ సందర్భంలో మిగతా దారులు మేలో, అసలు అక్కడిదాకా రాకుండా ముందే ఏం ఎంచుకోవాలో కింద వివరిస్తాను. వార్డు సభ్యులు, సర్పంచులు, కాలనీ సంఘాల వాళ్లు, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజినీర్లు, అందరికీ పనికొచ్చేలా రాస్తున్నాను.

అంచనా ఎందుకు దాటుతుంది

ముందు ఒక లెక్క చూద్దాం. 3.75 మీటర్ల వెడల్పున్న కిలోమీటరు రోడ్డంటే 3,750 చదరపు మీటర్లు. దానిమీద 30 మిల్లీమీటర్ల బిటుమినస్ కాంక్రీట్ (తారు, కంకర కలిపిన వేడి మిశ్రమం) వేస్తే, రోలింగ్ అయ్యాక 112.5 ఘనపు మీటర్లు. బరువులో దాదాపు 260 టన్నులు. అందులో తారు సుమారు అయిదున్నర శాతం, అంటే 14 టన్నులు.

ఖర్చు పెరిగిందనగానే అందరూ తారు ధరనే తిడతారు. కారణం లేకపోలేదు. ప్రభుత్వరంగ చమురు సంస్థలు తారు ధరను నెలకు రెండుసార్లు, 1వ తేదీన, 16వ తేదీన సవరిస్తాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో ముడిచమురు మండిపోయినప్పుడు తారు ధర కూడా ఎగబాకింది. అయినా లెక్క వేసి చూడండి. టన్నుకు ఏకంగా పది వేలు పెరిగిందనుకున్నా, మన కిలోమీటరు మీద పడే భారం లక్షా నలభై వేలు.

ఇప్పుడు ఎత్తుపల్లాల సంగతి చూడండి. పాత రోడ్డు ఉపరితలం ఎక్కడా సమంగా ఉండదు. చక్రాల జాడల్లో పల్లం, అంచుల్లో కుంగుడు, పాత ప్యాచ్‌ల దగ్గర ఉబ్బు. కొత్త పొర వేసేముందు వాటిని సరిచేయాలి. దీన్నే ప్రొఫైల్ కరెక్షన్ అంటారు. అంచనాలో దీనికి ఏమీ పెట్టకపోయినా, నామమాత్రంగా పెట్టినా, తీరా పనిలో సగటున 10 మిల్లీమీటర్లు అవసరమైందంటే 37.5 ఘనపు మీటర్ల మిశ్రమం అదనం. అనుకున్న పరిమాణంలో అది సరిగ్గా మూడో వంతు. ఘనపు మీటరు తొమ్మిది వేలు అనుకుంటే మూడు లక్షల నలభై వేలకు దగ్గర. తారు ధర పెరుగుదలకు ఇది రెట్టింపు కన్నా ఎక్కువ. పైగా తారు ధర మన చేతిలో లేనిది. ఎత్తుపల్లాలైతే అంచనా వేసే రోజున కళ్లముందే ఉన్నాయి.

మూడో కారణం అడుగు పొర. గుంతలు పడ్డ చోట పైన తారు ఊడిపోయి ఉంటుంది, కింద కంకర పొరలోకి నీరు దిగి మెత్తబడి ఉంటుంది. అక్కడ తవ్వి గ్రావెల్, కంకర మళ్లీ నింపక తప్పదు. అంచనాలో ఇది లేకపోతే పని మధ్యలో సప్లిమెంటరీ ఐటమ్‌గా, అంటే ఒప్పందంలో లేని అదనపు పనిగా వస్తుంది. నాలుగోది ఇతర శాఖల తవ్వకాలు. తెలంగాణలో మిషన్ భగీరథ పైపులైన్ల కాలంలోనూ, పట్టణాల్లో అమృత్ పథకం నీటి, మురుగు పనులప్పుడూ రోడ్ల అంచులు ఎంత తవ్వారో అందరం చూశాం. తవ్విన కందకాన్ని పొరలు పొరలుగా గట్టిపరచకుండా మట్టి తోసేస్తే, దానిమీద వేసిన కొత్త తారు మొదటి వానాకాలంలోనే గాడిలా కుంగుతుంది. మ్యాన్‌హోల్ మూతలు ఎత్తు పెంచడం, రోడ్డు పెరిగినందుకు బెర్ములు, అంటే రోడ్డు పక్క మట్టి అంచులు, మట్టితో పెంచడం కూడా అంచనాల్లో తరచూ మరిచిపోయే ఖర్చులే.

పన్ను మార్పు అయిదోది. 2022 జులై 18 నుంచి ప్రభుత్వాలకు, స్థానిక సంస్థలకు చేసే పనుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 18 శాతానికి పెరిగింది. పన్ను లేకుండా 50 లక్షల విలువైన పని మీద అది మూడు లక్షల తేడా. అంతకుముందు అంచనా వేసి ఆ తర్వాత బిల్లు చేసిన పనులన్నింటికీ ఆ దెబ్బ తగిలింది.

అంచనాకు ముందు ఒక గుంత, ఒక బద్ద

ఎంపికలన్నీ దీనిమీదే ఆధారపడతాయి కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

రోడ్డు అంచుకు అర మీటరు లోపల, పాడైన చోట అడుగున్నర చతురస్రం గీసి గునపంతో తవ్వించండి. పక్కగోడ కనిపించేలా నిలువుగా కోయించండి. పైన తారు పొరలు గీతలు గీతలుగా కనిపిస్తాయి. ఎన్నిసార్లు రెన్యువల్ జరిగిందో లెక్కపెట్టవచ్చు. రెండు పొరల మధ్య దుమ్ము గీత ఉంటే, అప్పట్లో ఊడ్చకుండా, టాక్ కోట్ (పాత, కొత్త పొరలను అతికించే పలచటి తారు పూత) సరిగా పడకుండా వేశారన్నమాట. అలాంటి పొర గునపం తగలగానే అప్పడంలా విడిపోతుంది. దాని మీద కొత్త పొర వేస్తే కొత్తదీ దానితోపాటే లేచిపోతుంది, కాబట్టి ఊడే పొరను ముందు తొలగించాలి. కింద కంకర పొర మందం టేపుతో కొలవండి. రాళ్ల సందుల్లోకి నల్లమట్టి పైకి ఎక్కి ఉంటే ఆ పొర బలం పోయినట్టే. అట్టడుగు మట్టిని పిడికిట్లో పట్టి నొక్కండి. ముద్దగా నిలిచి వేళ్ల గుర్తులు పడితే రోడ్డు లోపల నీరుంది. అప్పుడు మీకు ముందు కావలసింది కాలువ, తారు తర్వాత. కిలోమీటరుకు ఇలాంటి గుంతలు మూడు తవ్వితే చాలు. పూడ్చేటప్పుడు కంకరతో గట్టిపరచడం మరవకూడదు.

రెండోది మూడు మీటర్ల బద్ద. ఇంజినీరింగ్ విభాగంలో స్ట్రెయిట్ ఎడ్జ్ అంటారు. దాన్ని రోడ్డుకు అడ్డంగా, నిలువుగా ఆనించి కింద సందు ఎంతుందో కొలవడమే. ప్రతి 20 మీటర్లకు ఒకసారి కొలిచి రాసుకుంటే పల్లం సగటు తెలిసిపోతుంది. ఒక పూట పని. ప్రొఫైల్ కరెక్షన్‌కు ఎంత మిశ్రమం కావాలో అంచనాలో గుడ్డిగా రాయనక్కర్లేదు.

లారీలు ఎక్కువగా తిరిగే రోడ్డయితే ఇది చాలదు. భారం కింద రోడ్డు ఎంత వంగుతుందో కొలవాలి. అందుకు బెంకెల్‌మన్ బీమ్ పరీక్ష ఉంది, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఐఆర్‌సీ 81 దాని పద్ధతి చెబుతుంది. యంత్రంతో బరువు జారవిడిచి కొలిచే పద్ధతికి ఐఆర్‌సీ 115 ఉంది. గోదావరి జిల్లాల్లో చేపల, రొయ్యల లారీలు, ధాన్యం లారీలు తిరిగే కాలువ గట్టు రోడ్లకు ఈ పరీక్ష లేకుండా 30 మిల్లీమీటర్ల పొర వేయడం డబ్బు కాలువలో పోయడమే. కాలనీ లోపలి వీధికి మాత్రం ఇంత హంగామా అవసరం లేదు.

ఏ పొర ఎంచుకోవాలి

పాత పద్ధతి 20 మిల్లీమీటర్ల ప్రీమిక్స్ కార్పెట్ (ముందే తారు కలిపిన చిప్స్ పొర), పైన సీల్ కోట్. ఊళ్లమధ్య రోడ్లకు ఇప్పటికీ ఇదే ఎక్కువ. మన కిలోమీటరుకు దీనికి పట్టే తారు ఎనిమిది టన్నులు, బిటుమినస్ కాంక్రీట్‌కు పట్టే దానిలో సగం కన్నా కాస్త ఎక్కువ. కాబట్టి మొదటి ఖర్చు తక్కువ, తారు ధర పెరిగినా దెబ్బ తక్కువ. అయితే ఇది సందులున్న పొర. నీటిని ఆపేది పైనున్న సీల్ కోట్ మాత్రమే. డబ్బు చాలక ఆ సీల్ కోట్‌ను ఎగ్గొట్టిన రోడ్డు ఎన్నాళ్లో నిలవదు. ట్రాక్టర్లు, ఆటోలు, రోజుకు నాలుగైదు బస్సులు తిరిగే ఊరి రోడ్డుకు, నీరు నిలవని చోట ఇది సరైన ఎంపిక.

బిటుమినస్ కాంక్రీట్ చిక్కటి పొర. నీరు చొరబడదు, లారీలకు తట్టుకుంటుంది. దీనికి హాట్ మిక్స్ ప్లాంటు, మిశ్రమాన్ని పరిచే యంత్రం పేవర్ తప్పనిసరి. ప్లాంటు దూరమైతే మిశ్రమం దారిలోనే చల్లారుతుంది. వీజీ 30 రకం తారుతో చేసిన మిశ్రమం పరిచేటప్పుడు కనీసం 140 డిగ్రీలు, రోలింగ్ ముగిసేసరికి కనీసం 90 డిగ్రీలు ఉండాలని కేంద్ర రోడ్డు రవాణా శాఖ ప్రమాణాలు చెబుతాయి. లారీ వచ్చినప్పుడు థర్మామీటరు గుచ్చి చూసే అలవాటు ఉన్న చోట రోడ్డు నిలుస్తుంది. పట్టణ ప్రధాన రోడ్లకు, బస్సు మార్గాలకు నేను దీన్నే ఎంచుకుంటాను.

మైక్రో సర్ఫేసింగ్ గురించి మన చిన్న మున్సిపాలిటీల్లో తెలిసినవారు తక్కువ. పాలిమర్ కలిపిన ఎమల్షన్ (నీటిలో కలిపిన తారు), సన్న చిప్స్‌తో నాలుగు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల పొర యంత్రంతో పరుస్తారు. వేడి చేయనక్కర్లేదు, కొద్ది గంటల్లో వాహనాలు వదలవచ్చు. రోడ్డు ఎత్తు పెరగదు, మ్యాన్‌హోల్ మూతలు ఎత్తే పని ఉండదు. రోడ్డుకు బలం మాత్రం ఇది ఇవ్వదు. అడుగు గట్టిగా ఉండి, పైన సన్న పగుళ్లు, రంగు వెలిసిన చిప్స్ మాత్రమే కనిపించే రోడ్డుకే ఇది పనికొస్తుంది. గుంతలు పడ్డ రోడ్డు మీద వేస్తే డబ్బు దండగ. సరైన సమయంలో, అంటే గుంతలు పడకముందే వేయగలిగితే అన్నిటికన్నా పొదుపు ఇదే. బాగున్న రోడ్డుకు డబ్బెందుకు అని కౌన్సిల్‌లో అడుగుతారు, ఆ ప్రశ్నకు ఓపికగా జవాబు చెప్పాలి.

సిమెంటు రోడ్డు మొదటి ఖర్చు ఎక్కువ. అయినా ఇళ్ల మురుగు రోడ్డు మీదికి వచ్చే వీధుల్లో, ట్యాంకులు, కుళాయిల దగ్గర, నీరు నిలిచే పల్లపు సందుల్లో తారు వేయడం తప్పు. తారుకు నీరు శత్రువు. అలాంటి చోట సీసీ రోడ్డు, పక్కన కాలువ ఒకే అంచనాలో ఉండాలి. పైపులైన్లు ఇంకా పడని వీధిలో మాత్రం సీసీ రోడ్డు వేయకండి. కోసిన సిమెంటు రోడ్డును మళ్లీ మునుపటిలా అతికించడం దాదాపు జరగదు. పాత తారు మీదే సిమెంటు పొర వేసే వైట్ టాపింగ్ బెంగళూరులో పెద్ద ఎత్తున చేశారు. బస్సులు ఆగి కదిలే కూడళ్లలో, తారు ముడతలు పడే చోట అది ఆలోచించదగ్గదే.

ఎంచుకునేటప్పుడు ఇంకో మాట. పట్టణ వీధుల్లో పాత పొర మీద కొత్త పొర వేసుకుంటూ పోతే రోడ్డు ఇంటి గడపల కన్నా ఎత్తవుతుంది, వాన నీరు ఇళ్లలోకి వస్తుంది. అప్పటికే రెండు మూడు పొరలు పడ్డ వీధిలో మిల్లింగ్ చేసి, అంటే పాత పొరను యంత్రంతో గీకి, గీకినంత మందమే వేయడం న్యాయం. మిల్లింగ్ ఖర్చు అదనంలా కనిపిస్తుంది కానీ ఎత్తుపల్లాలు దానితోనే చాలావరకు పోతాయి. ప్రొఫైల్ కరెక్షన్‌లో మిగిలే మిశ్రమం ఆ ఖర్చులో కొంత తిరిగి ఇస్తుంది.

ఏ రకం ఒప్పందం

మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువగా ఉన్నది శాతం టెండరు. ప్రభుత్వ ధరల పట్టికతో వేసిన అంచనా మీద గుత్తేదారు ఇంత శాతం ఎక్కువ లేదా తక్కువ అని రాస్తాడు. దీనిలో ఒక గుణం ఉంది. అన్ని ఐటమ్‌లకూ ఒకే శాతం వర్తిస్తుంది కాబట్టి పెరగబోయే ఐటమ్‌కు ఎక్కువ రేటు రాసుకునే అవకాశం ఉండదు. విడివిడిగా ఐటమ్ రేట్లు అడిగే టెండర్లలో ఆ చిక్కు ఉంది. ప్రొఫైల్ కరెక్షన్ ఎలాగూ పెరుగుతుందని తెలిసిన గుత్తేదారు దానికి ఎక్కువ రేటు, పై పొరకు తక్కువ రేటు రాసి మొత్తం మీద తక్కువగా కనిపిస్తాడు. పని ముగిసేసరికి అతడే అందరికన్నా ఖరీదవుతాడు. ఐటమ్ రేటు టెండరు పిలిస్తే, అనుమానం ఉన్న పరిమాణాలను పాతిక శాతం పెంచి చూసి ఎవరు నిజంగా తక్కువో మళ్లీ లెక్కించండి.

ఏకమొత్తం ఒప్పందంలో పరిమాణాలు పెరిగినా చెల్లింపు పెరగదు. అంచనా దాటే భయం లేనట్టే కనిపిస్తుంది. రెన్యువల్ పనులకు నేను దీన్ని ఎంచుకోను. పాత రోడ్డు కింద ఏముందో తెలియని గుత్తేదారు ఆ భయాన్ని ముందే రేటులో కలుపుతాడు, లేకపోతే నష్టం వచ్చినప్పుడు మందంలో పూడ్చుకుంటాడు. రోడ్డులోంచి గుండ్రటి ముక్క కోసే కోర్ కటింగ్ యంత్రంతో మందం, సాంద్రత తప్పకుండా పరీక్షించే శక్తి మీ కార్యాలయానికి ఉంటేనే ఆ దారి పట్టండి.

బహుసంవత్సర నిర్వహణ ఒప్పందం వేరే ఆలోచన. కేంద్ర గ్రామీణ రోడ్ల పథకం పీఎంజీఎస్‌వై కింది రోడ్లకు వేసిన గుత్తేదారే అయిదేళ్లు నిర్వహణ చూడాలి, ఆ సొమ్ము ఏటా విడిగా ఇస్తారు. హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీ 2019-20లో సుమారు 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్లను అయిదేళ్ల సమగ్ర నిర్వహణ కింద సంస్థలకు అప్పగించింది, విలువ 1,800 కోట్ల రూపాయలకు పైమాటే. గుంత పడితే ఎవరి బాధ్యతో ముందే తేలిపోవడం ఇందులో పెద్ద మేలు. రోడ్డు పాడైతే మళ్లీ బాగుచేసే ఖర్చు తన జేబులోంచే కాబట్టి మొదటిసారే సరిగ్గా వేయడం గుత్తేదారుకు లాభం. కానీ ఒక వీధికి, ఒక కిలోమీటరుకు పెద్ద సంస్థ రాదు. చిన్న మున్సిపాలిటీ పది పన్నెండు రోడ్లను కలిపి ఒకే ఒప్పందంగా, మూడేళ్ల నిర్వహణతో పిలిస్తే పోటీ వస్తుంది. దానికి ఏటా నిర్వహణ సొమ్ము పక్కన పెట్టే క్రమశిక్షణ కౌన్సిల్‌కు ఉండాలి. అది లేకపోతే మామూలు ఒప్పందమే నయం.

అంచనా కన్నా చాలా తక్కువకు వచ్చిన టెండరు చూసి సంతోషించకండి. 25 శాతం తక్కువకు వేసినవాడు తారులోనో, మందంలోనో, సప్లిమెంటరీ బిల్లులోనో దాన్ని తిరిగి రాబట్టుకోకుండా ఉండడం కష్టం. నిబంధనల ప్రకారం అతడికే ఇవ్వాల్సి వస్తే, ప్లాంటు దగ్గర తారు ఇన్‌వాయిస్‌లు, పని దగ్గర కొలతలు రెండింతల శ్రద్ధతో చూడాలి. 260 టన్నుల మిశ్రమానికి 14 టన్నుల తారు కొన్న ఇన్‌వాయిస్ ఉందా లేదా అన్నది ఎవరైనా అడగగల ప్రశ్న.

పని మధ్యలో డబ్బు చాలకపోతే

మొదట చెప్పిన కిలోమీటరుకే వద్దాం. 112.5 ఘనపు మీటర్లకు డబ్బుంది, ఎత్తుపల్లాల వల్ల 150 కావాలి.

పలచన చేసే దారి చూడండి. ఎత్తుపల్లాలు పూర్తిగా సరిచేస్తే పై పొర 30 బదులు 20 మిల్లీమీటర్లే పడుతుంది. ఈ మిశ్రమంలో పెద్ద రాయి కొలత 13.2 మిల్లీమీటర్లు, దానికి ప్రమాణాలు చెప్పే పొర మందం 30 నుంచి 40. అంతకన్నా పలచన చేస్తే పేవర్ కింద రాళ్లు ఈడ్చుకుపోయి చారలు పడతాయి, రోలరు కింద రాళ్లు నలుగుతాయి. పలచటి పొర త్వరగా చల్లారుతుంది కాబట్టి గట్టిపడేలోపే వేడి పోతుంది. ప్రొఫైల్ కరెక్షన్ ఎగ్గొట్టి నేరుగా పై పొర వేసినా ఫలితం అదే. పల్లంలో ఎక్కువ, మిట్టలో తక్కువ మిశ్రమం పడుతుంది. రోలరు తొక్కాక ఎక్కువ పడ్డ చోటు ఎక్కువ దిగుతుంది, పాత పల్లం మళ్లీ పైకి తేలుతుంది. బిల్లు కిలోమీటరుకు అవుతుంది, రోడ్డు ఒక వానాకాలానికి సరిపోతుంది.

పొడవు తగ్గిస్తే అదే డబ్బుతో 750 మీటర్లు పూర్తి ప్రమాణంతో వస్తుంది. మిగిలిన 250 మీటర్లు ఏవో మీరే ఎంచుకోవచ్చు. పైపులైను పని ఇంకా జరగని ముక్కను, కాలువ లేని ముక్కను వదలండి. ఎలాగూ అక్కడ ఇప్పుడు వేసినా వచ్చే ఏడాది తవ్వుతారు. వదిలిన చోట గుంతలకు ప్యాచ్ వర్క్ చేయించి, తర్వాతి ఆర్థిక సంవత్సరంలో మొదటి పనిగా పెడతామని కౌన్సిల్ తీర్మానం చేయించండి. ఆ వీధివాళ్లకు కోపం రావడం సహజం. ఇంటింటికీ వెళ్లి చెప్పాల్సిన మాట ఇది, దాచిపెట్టకూడదు. ఆపే చోట పొరను సన్నగా సాగదీసి ముగించకుండా రోడ్డుకు అడ్డంగా నిలువుగా కోసి ముగించాలి. తర్వాత కలిపే అతుకు అప్పుడే నీరు పట్టకుండా ఉంటుంది.

సవరించిన అంచనా ఎప్పుడు సరైనది? అదనం చిన్నదై, కారణం నిజంగా ముందు ఊహించలేనిదై, నిధులు చేతిలో ఉన్నప్పుడు. పన్ను మార్పు, తవ్వితే బయటపడ్డ పాత పైపులైను ఇలాంటివి. అప్పుడు కూడా అధికారి రాతపూర్వక ఉత్తర్వు లేకుండా అదనపు పని మొదలుపెట్టనివ్వకండి. నోటిమాట మీద చేసిన పని గుత్తేదారుకూ ప్రమాదమే, కార్యాలయానికీ ప్రమాదమే. ఏళ్ల తరబడి నడిచే బిల్లు తగాదాలు ఎక్కువగా అక్కడే పుడతాయి. వానాకాలం దగ్గరపడితే ఈ దారి వదలండి. అనుమతి వచ్చేసరికి జూన్ దాటుతుంది, సగం వేసిన రోడ్డు వానలో నానుతుంది. కోస్తాలో అయితే అక్టోబరు, నవంబరు వానలూ లెక్కలోకి తీసుకోవాలి.

ఒప్పందం ముగించి మళ్లీ టెండరు పిలవడం మొండి మందు. అడుగు పొరే పోయిందని, పని స్వభావమే మారిందని తేలినప్పుడే అది న్యాయం. నల్లరేగడి నేలలో పొడవునా అంచు పగుళ్లు కనిపించిన రోడ్డు అలాంటిది. అక్కడ నేల వేసవిలో బీటలు వారి, వానలో ఉబ్బుతుంది. పైన ఎంత తారు వేసినా పగులు మళ్లీ వస్తుంది. అంచు వెడల్పు చేసి, కాలువ తీసి, కింది పొర బాగుచేసే కొత్త అంచనా కావాలి. పాత ఒప్పందంలో ఆ పనులన్నీ సప్లిమెంటరీగా ఇరికించడం కన్నా బహిరంగ టెండరు మంచిది. మిగిలిన పనిని చిన్న చిన్న ముక్కలు చేసి నామినేషన్ మీద, అంటే టెండరు లేకుండా, ఇచ్చే పని మాత్రం చేయకండి. అనుమతి పరిమితి తప్పించుకోవడానికి పని విడగొట్టడాన్ని ఆర్థిక నియమాలు ఒప్పుకోవు, ఆడిట్‌లో ముందు పట్టుకునేదీ అదే.

చౌక పొరకు మారడం ఒక్కోసారి సరైనదే. బస్సు మార్గం ఊరి చివర మలుపు దగ్గర ఆగిపోయి, మిగతా ముక్కలో ద్విచక్ర వాహనాలే తిరుగుతుంటే, అక్కడ ప్రీమిక్స్ కార్పెట్, సీల్ కోట్ చాలు. తిరిగే వాహనాలు మారనప్పుడు పొర మార్చడం పలచన చేయడానికి ఇంకో పేరు.

తారు ధర షరతు, ఇతర చిన్న విషయాలు

తారు ధర తేడా చెల్లించే షరతు ఒప్పందంలో ఉండాలా? ఉండాలనే నా అభిప్రాయం. లేకపోతే గుత్తేదారు ఆ భయాన్ని రేటులో ముందే వసూలు చేస్తాడు, ధర పెరగకపోయినా మనం కడతాం. కానీ షరతు రెండువైపులా పనిచేయాలి. టెండరు నాటి చమురు సంస్థ ధర ఏదో ఒప్పందంలో రాసి ఉండాలి, ధర తగ్గితే తగ్గిన మేరకు బిల్లులో కోయాలి. పెరిగినప్పుడు ఇచ్చి, తగ్గినప్పుడు మరిచిపోయే కార్యాలయాలు ఉన్నాయి. కౌన్సిలర్లు అడగాల్సిన ప్రశ్న ఇది. గడువు తన తప్పు వల్ల దాటిన గుత్తేదారుకు ఆ తర్వాత పెరిగిన ధర ఇవ్వనక్కర్లేదన్న మాట కూడా ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి.

ప్లాస్టిక్ వ్యర్థాలను వేడి రాళ్ల మీద కలిపే పద్ధతికి ఐఆర్‌సీ మార్గదర్శకాలు ఉన్నాయి. మదురై ఆచార్యుడు రాజగోపాలన్ వాసుదేవన్ పరిశోధనతో అది దేశమంతా తెలిసింది. కొద్దిగా తారు ఆదా అవుతుంది, రోడ్డు మన్నిక పెరుగుతుంది. అయితే అంచనా దాటిన పనిని ఇది గట్టెక్కిస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి, ఆదా అయ్యే తారు అంత లేదు. మిల్లింగ్‌లో వచ్చిన పాత తారు ముక్కలు మాత్రం విలువైనవి. వాటిని ఎవరో తోలుకుపోతుంటే చూస్తూ ఊరుకోకండి. బెర్ములకు, పొలాల దారులకు పరచడానికి పనికొస్తాయి. అవి ఎవరి సొత్తో టెండరులోనే రాయాలి.

తగ్గించకూడనివి కొన్ని ఉన్నాయి. చదరపు మీటరుకు పావు కిలో పడాల్సిన టాక్ కోట్, సీల్ కోట్, తారు శాతం, రోలింగ్, పక్క కాలువ. మొత్తం ఖర్చులో టాక్ కోట్ వాటా చాలా చిన్నది. దాన్ని మిగిల్చినవాడు మొత్తం పొరనే పోగొట్టుకుంటాడు. తగ్గించగలిగేవి పొడవు, అంచుల్లో రంగు పట్టీలు, బోర్డులు, అలంకారపు బ్లాకులు. మలుపుల దగ్గర, బడి దగ్గర భద్రతా బోర్డులను మాత్రం ఈ జాబితాలో చేర్చకండి.

మీ వార్డులో ఈ వేసవికి రెన్యువల్ పని ఉంటే జనవరిలోనే ఏఈని అడిగి ఆ మూడు గుంతలు తవ్వించండి, బద్దతో కొలతలు రాయించండి, నీటి శాఖ నుంచి, విద్యుత్, కేబుల్ సంస్థల నుంచి వచ్చే ఏడాది తవ్వకాల జాబితా రాతపూర్వకంగా తెప్పించండి. ప్రొఫైల్ కరెక్షన్ పరిమాణం ఆ కొలతలతో సరిపోలుతోందో లేదో సాంకేతిక అనుమతికి ముందే చూడండి. అంచనా నిధులను దాటుతోందని అప్పుడే తేలితే, పొడవు తగ్గించి టెండరు పిలవడానికి ఇంకా సమయం ఉంటుంది.